గ్రంథపాలకుని కలం

పుస్తకాలను కాపాడేవాడు రాయవలసిన పని లేదన్న భావన మన సమాజంలో చాలాకాలంగా పాతుకుపోయింది. ఉదయం తలుపు తీయడం, అడిగిన పుస్తకం అందించడం, గడువు దాటితే జ్ఞాపకం చేయడం, సాయంకాలం తాళం వేయడం, గ్రంథపాలకుని వృత్తి ఇంతటితో ముగుస్తుందని చాలామంది తలుస్తారు. విచారించదగిన సంగతి ఏమంటే, గ్రంథపాలకులలోనే అనేకులు అలా తలుస్తున్నారు. వైద్యుడు తనకు ఎదురైన అరుదైన వ్యాధిని గురించి వైద్య పత్రికకు రాస్తాడు. వ్యవసాయ శాస్త్రవేత్త పైరుకు సోకిన తెగులును గురించి రాస్తాడు. న్యాయవాది తీర్పులకు వ్యాఖ్యానం చేస్తాడు. వేలమంది రాసినదాన్ని జీవితమంతా చేతుల మీద మోసిన గ్రంథపాలకుడు మాత్రం తన అనుభవాన్ని అక్షరబద్ధం చేయడు. ఒక ఊరు ముప్పై ఏళ్లపాటు ఏమి చదివిందో, చదవాలనుకుని ఏది చదవలేకపోయిందో తెలిసిన ఒకే ఒక్క మనిషి పదవీ విరమణ చేసిన రోజున ఆ జ్ఞానమంతా అతనితోపాటే ఇంటికి వెళ్లిపోతుంది.

ఈ మౌనం తెలుగువారికి వారసత్వంగా వచ్చినది కాదు. 1914 ఏప్రిల్ 10వ తేదీన విజయవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమయ్యారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడ రూపుదిద్దుకుంది. ఆ సభకు సూత్రధారి అయ్యంకి వెంకటరమణయ్య గారు. సంఘం ఏర్పడితే చాలదనీ, ఆ సంఘానికి ఒక గొంతు కావాలనీ ఆయన గ్రహించారు. 1915 ప్రాంతాన 'గ్రంథాలయ సర్వస్వము' అనే పత్రిక వెలువడింది. అప్పటికి మన దేశంలో గ్రంథాలయాల కోసం ప్రత్యేకించిన పత్రిక అంటే 1912లో బరోడా సంస్థానం ప్రారంభించిన 'లైబ్రరీ మిసెలనీ' ప్రధానంగా కనిపిస్తుంది. బరోడాలో పత్రిక వెనుక మహారాజు సయాజీరావు గైక్వాడ్ గారి ఖజానా ఉంది. తెలుగు పత్రిక వెనుక చందాదారులు, దాతలు, కాలినడకన ఊళ్లు తిరిగిన కార్యకర్తలు ఉన్నారు. ఈ భేదాన్ని గుర్తిస్తే ఆ పని విలువ విశదమవుతుంది.

ఆ పత్రికకు రాసినవారందరూ మహాపండితులు కారు. ఏ ఊరిలో గ్రంథాలయం వెలసింది, ఎందరు సభ్యులు చేరారు, ఎన్ని పుస్తకాలు సమకూరాయి, ఏ సభలో ఏమి తీర్మానించారు అన్న సమాచారాన్ని ఆయా గ్రంథాలయాల కార్యకర్తలు రాసి పంపేవారు. ఆనాటికి అవి చిన్న వార్తలు. నేడు తెలుగునాట గ్రంథాలయోద్యమ చరిత్ర రాయదలచినవారికి అవే శాసనాలు. 1935లో పెదపాలెం సేవాశ్రమం పక్షాన పాతూరి నాగభూషణం గారు కాలువ మీద నడిపించిన పడవ గ్రంథాలయాన్ని ఇన్ని దశాబ్దాల తరువాత కూడా మనం స్మరిస్తున్నామంటే, పడవ మిగిలి కాదు, రాత మిగిలి. అటువంటి ప్రయత్నాలు మరెన్ని జరిగి ఉంటాయో! రాసి పంపే మనిషి లేని ఊళ్లలో అవి జరిగీ జరగనట్లే అయిపోయాయి.

రాతకు నోచుకోని వస్తువు లేనిదిగానే లెక్కకు వస్తుందనడానికి తెలంగాణం ఎరిగిన నిదర్శనం మరొకటి ఉంది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లోనే వెలసింది. హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో వెలసింది. తెలుగు చదువుకు రాజాదరణ కొరవడిన నిజాం పాలనలో ఆ భాషానిలయాలు దీపస్తంభాలై నిలిచాయి. చదివేవారు, రాసేవారు ఇంతమంది ఉండగానే తెలంగాణలో తెలుగు కవులు పూజ్యమన్న మాట ఒకటి వినవచ్చింది. 1926 నుంచి గోలకొండ పత్రికను నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి గారు దానికి ఆగ్రహంతో సమాధానం చెప్పి ఊరుకోలేదు. కవులు తమ వివరాలను, పద్యాలను పంపవలసిందిగా కోరారు. ఊరూరి నుంచి వచ్చిన రచనలను కూర్చి 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. అందులో 354 మంది కవులు కనిపించారు. ఆ 354 మందీ ఆ ఏడాది పుట్టుకొచ్చినవారు కారు కదా! అంతకుముందూ ఉన్నారు. ఒకరు అడిగి, వారు పంపి, అది అచ్చయ్యేదాకా వారి ఉనికి లోకానికి ఎక్కలేదు. నేటి గ్రంథపాలకుల పరిస్థితి సంచికకు పూర్వం ఉన్న ఆ కవుల పరిస్థితి వంటిదే.

ఇప్పుడు వికారాబాదు జిల్లాలోని పెద్దేముల్ వైపు దృష్టి సారించవచ్చు. తాండూరుకు చేరువలో ఉన్న మండల కేంద్రమిది. 2016 అక్టోబరులో వికారాబాదు జిల్లా ఏర్పడేదాకా రంగారెడ్డి జిల్లాలో భాగంగా ఉండేది. ఈ ప్రాంతపు నాపరాయి 'తాండూరు బండ' పేరుతో దూర ప్రాంతాల ఇళ్లలో పరచుకుంది. ఇక్కడి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. పడమట కర్ణాటక సరిహద్దు. అందువల్ల ఈ సీమలో తెలుగుతోపాటు ఉర్దూ, కన్నడం కూడా నిత్యవ్యవహారంలో వినిపిస్తాయి. సంతలో ఒకే బేరం రెండు మూడు భాషలలో సాగడం ఇక్కడ వింత కాదు.

ఇటువంటి చోట పనిచేసే ఒక గ్రంథపాలకుని ఊహించుకుంటే, అతని బల్లమీద ఒక రిజిస్టరు ఉంటుంది. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో, ఎప్పుడు తిరిగి ఇచ్చారో అందులో ఉంటుంది. అధికారులు తనిఖీకి వస్తే చూసేది దానినే. అయితే ఆ రిజిస్టరుకు ఒక అంధత్వం ఉంది. ఇచ్చిన పుస్తకమే అందులోకి ఎక్కుతుంది. అడిగి, దొరకక, 'సరే' అని వెనుదిరిగిన మనిషి అందులో ఎక్కడా ఉండడు. ఉర్దూ కథల పుస్తకం కోసం వచ్చిన వృద్ధుడు, కన్నడంలో పిల్లల బొమ్మల పుస్తకం అడిగిన తల్లి, పోలీసు ఉద్యోగ పరీక్షకు కొత్త ముద్రణ కావాలన్న యువకుడు, కందికి పట్టే ఎండుతెగులును గురించి చదవగోరిన రైతు, వీరందరూ వచ్చి వెళ్లినా లెక్క ప్రకారం రానివారే. ఏడాది చివర అంకెలు కూడితే ఉర్దూ పుస్తకాలకు గిరాకీ లేదని తేలుతుంది. బీరువాలో లేని పుస్తకానికి గిరాకీ ఎలా కనిపిస్తుంది? గిరాకీ లేదు కనుక కొనరు, కొనలేదు కనుక గిరాకీ కనిపించదు. చెట్టు ముందా, విత్తు ముందా అన్న తగవులా ఇది తెగదు.

ఆ గ్రంథపాలకుడు రెండు రూపాయల ఖర్చు లేని పని ఒకటి చేయవచ్చు. పాత నోటుపుస్తకం ఒకటి తీసి 'అడిగి దొరకనివి' అని పైన రాసుకోవచ్చు. తేదీ, అడిగిన విషయం, భాష, అడిగినవారు విద్యార్థా, రైతా, గృహిణా అన్న వివరం, ఇంతే. పేరు అక్కరలేదు. పేరు రాయకపోవడమే మర్యాద కూడా, ఎందుకంటే మనిషి ఏమి చదవగోరాడన్నది అతని సొంత విషయం. ఇలా ఒక సంవత్సరం రాస్తే కంది కోతల వేళ ఏమి జరిగింది, పరీక్షల ప్రకటన వెలువడిన నెలలో ఏమి జరిగింది, ఏ భాష పాఠకుడు మూడోసారి అడిగి ఇక రావడం మానుకున్నాడు అన్నవి బయటపడతాయి. ఒక మండల గ్రంథాలయపు బల్ల దగ్గర తప్ప ప్రపంచంలో మరెక్కడా దొరకని సమాచారమది. వృత్తి పత్రికకు పంపదగిన వ్యాసం అంటే ఇటువంటిదే.

దీనికి ఊరి ప్రయోజనం కూడా ముడిపడి ఉంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ఆస్తిపన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలుకు వీలు కల్పించింది. అంటే చదువురాని కూలీ కూడా తన ఇంటిపన్నుతో గ్రంథాలయాన్ని పోషిస్తున్నాడు. పుస్తకాల కొనుగోలు జిల్లా స్థాయిలోనో, అంతకు పైనో నిర్ణయమవుతుంది. నిర్ణయించేవారి ముందు బల్లమీద ఉండేవి ప్రచురణకర్తల జాబితాలు. పెద్దేములులో ఎవరు ఏమి అడిగారన్న కాగితం అక్కడ ఉండదు. ఉండాలంటే ఎవరో ఒకరు రాయాలి. నోటిమాటగా చెప్పిన విన్నపం గాలికి పోతుంది. సమీక్షకు నిలిచి పత్రికలో అచ్చయిన వ్యాసాన్ని కాదనాలంటే మరొక వ్యాసం రాయవలసి వస్తుంది.

మన దేశపు గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారి జీవితం కూడా ఈ మాటనే సమర్థిస్తుంది. గణితాధ్యాపకుడైన ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకునిగా నియుక్తుడై శిక్షణకు లండను వెళ్లారు. అక్కడ ఒక పెద్ద దుకాణంలో పిల్లలు బిగించి ఆడుకొనే ఇనుప ముక్కల ఆటవస్తువును చూశారు. కొద్ది ముక్కలతోనే ఎన్నెన్నో రూపాలు కట్టవచ్చునని గమనించారు. విషయాలను కూడా అలాగే ముక్కలుగా విడదీసి కూర్చవచ్చునన్న తలపు 1933లో ద్విబిందు వర్గీకరణగా వెలువడింది. అంతకు రెండేళ్ల ముందు, 1931లో వెలువడిన ఆయన పంచసూత్రాలు కూడా పాఠకుడు, పుస్తకం, సమయం అనే నిత్యదర్శన వస్తువుల నుంచే పుట్టాయి. ప్రతి పాఠకునికి అతని పుస్తకం దక్కాలన్నది వాటిలో ఒకటి. 'అడిగి దొరకనివి' అన్న నోటుపుస్తకం ఆ సూత్రం ఎక్కడ భంగపడిందో చూపే లెక్క కాదా?

'మండల గ్రంథాలయంలో శాస్త్రమేమిటి, విశ్వవిద్యాలయాల వారు రాస్తారులే' అనే ఆక్షేపణ ఒకటి ఉంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఇటువంటి చోట్లనే పుట్టి ఉంటుంది. నిజం చెప్పాలంటే విశ్వవిద్యాలయాల నుంచి వచ్చే వ్యాసాలలో చాలావరకు విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల గురించే ఉంటాయి. విద్యార్థులకు ప్రశ్నపత్రం పంచి, సంతృప్తిగా ఉన్నారా లేదా అని అడిగి, శాతాలు కట్టి, పట్టికలు వేసి పంపుతారు. ఊరు మారుతుంది, శాతాలు మారుతాయి, వ్యాసం మారదు. అటువంటి వంద వ్యాసాలకన్న ఒక సంవత్సరంపాటు శ్రద్ధగా నింపిన నోటుపుస్తకం విలువైనదని చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

భాష మరొక అడ్డుగోడ. ఈ వృత్తిలో పేరుపొందిన పత్రికలు అత్యధికం ఇంగ్లీషులో వెలువడుతున్నాయి. తెలుగులో పనిచేసి, తెలుగులో ఆలోచించే గ్రంథపాలకుడు ఇంగ్లీషు రాదన్న జంకుతో కలం ముట్టడు. తెలుగులో రాయడానికి ఇక్కడ అపరాధమేమీ లేదు. గ్రంథాలయ సర్వస్వము ఆ పని శతాబ్దం కిందటే చేసి చూపింది. వ్యాసం తెలుగులో రాసి, సారాంశం ఇంగ్లీషులో జతపరిస్తే రెండు లోకాలకూ అందుతుంది. ఇంగ్లీషు పత్రికకే పంపదలిస్తే తెలిసినవారి సాయం తీసుకొని, ఆ సాయాన్ని వ్యాసం చివర పేర్కొనడం న్యాయం.

పత్రికలన్నీ ఒక తీరువి కావు. పదోన్నతికి వ్యాసాల సంఖ్యను లెక్కించే పద్ధతి వచ్చిన తరువాత, డబ్బు తీసుకొని వచ్చినదల్లా అచ్చువేసే పత్రికలు వానాకాలపు పుట్టగొడుగుల్లా మొలిచాయి. 2018 మే నెలలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను తొలగించిందంటే ఆ కలుపు ఎంత దట్టంగా పెరిగిందో ఊహించవచ్చు. రుసుము అడిగిన ప్రతి పత్రికా మోసమని దీనికి అర్థం కాదు, ప్రమాణం గల పత్రికలు కొన్ని కూడా రుసుము తీసుకుంటాయి. అయితే మూడు రోజులలో అచ్చువేస్తామని ముందే మాట ఇచ్చే పత్రికకు చదివే ఉద్దేశం లేదని గ్రహించాలి. ఎనిమిది అంకెల ఐ.ఎస్.ఎస్.ఎన్. సంఖ్య ఉన్నంత మాత్రాన భరోసా లేదు. అది పత్రికను గుర్తించే సంఖ్యే గాని గుణానికి ముద్ర కాదు. సంపాదకవర్గంలో ఎవరున్నారు, గత రెండేళ్ల సంచికలలో ఏమి వచ్చింది అని చదివి చూడటం ఉత్తమం. ఆ పని గ్రంథపాలకునికి ఎవరూ నేర్పనక్కరలేదు.

వ్యాసం పంపే నియమాలు కొత్తవారిని బెదరగొడతాయి. శీర్షిక, సారాంశం, కీలకపదాలు, పూర్వ పరిశోధనల ప్రస్తావన, పద్ధతి, ఫలితాలు, ఆధార గ్రంథాల పట్టిక, ఇన్ని అంగాలు. మన ప్రబంధాలు చదివినవారికి ఇందులో భయపడవలసింది లేదు. అవతారికలో పూర్వకవి స్తుతి చేయనిదే మన కవి కథలోకి అడుగుపెట్టేవాడు కాదు. ఎవరి భుజాల మీద నిలబడ్డాడో చెప్పుకోవడం ఆనాటికే మర్యాద. ఆశ్వాసాంత గద్యలో కవి తన తండ్రి పేరు, గురువు పేరు, తన బిరుదు పేర్కొన్నట్లే నేటి వ్యాసకర్త తన పేరు, పనిచేసే సంస్థ పేర్కొంటాడు. కుకవినింద ఒక్కటి మాత్రం నేటి పత్రికలు ఒప్పుకోవు! ఇతరుల వాక్యాలను తనవిగా చెప్పుకోవడం అప్పుడూ గ్రంథచౌర్యమే, ఇప్పుడూ గ్రంథచౌర్యమే. ఇప్పుడు దాన్ని పట్టే యంత్రాలు వచ్చాయి, తేడా అంతే.

ఒక నియమం మాత్రం ప్రత్యేకంగా చెప్పదగినది. ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపరాదు. పరీక్షకు దరఖాస్తు పెట్టినట్లు నాలుగుచోట్ల పంపితే తప్పేమిటని కొందరికి తోస్తుంది. సమీక్షకులు సాధారణంగా ప్రతిఫలం పుచ్చుకోకుండా తమ తీరిక వేళలో చదివే పెద్దలు. ఇద్దరు చదవవలసినదాన్ని ఎనిమిదిమంది చేత చదివించడం వారి కాలాన్ని దోచుకోవడమే.

సమీక్ష సంగతి కొంత వివరించాలి. ప్రౌఢదేవరాయల ఆస్థానంలో శ్రీనాథుడు గౌడ డిండిమభట్టును ఎదుర్కొన్నప్పుడు ఎవరు ఎవరితో వాదిస్తున్నారో సభకంతటికీ తెలుసు. పాండిత్యంతోపాటు పేరుప్రతిష్ఠలూ ఆ తక్కెడలో తూగి ఉంటాయి. నేటి మంచి పత్రికలు అనేకం రాసినవారి పేరు చదివేవారికి, చదివేవారి పేరు రాసినవారికి తెలియనీయవు. దీనివల్ల కలిగే మేలు పెద్ద ఊరివారికన్న చిన్న ఊరివారికే ఎక్కువ. పేరు చెరిపేసిన కాగితం మీద ఆచార్యునికీ, మండల గ్రంథపాలకునికీ ఒకే కొలబద్ద. అయితే ఈ పద్ధతి నిర్దోషమని భ్రమించరాదు. సమీక్షకునికి పల్లె గ్రంథాలయం పరిచయం లేకపోతే 'ఇంత చిన్న సమాచారంతో ఏమి తేలుతుంది' అని తోసిపుచ్చే ప్రమాదం ఉంది. అందుకు వ్యాసకర్త ముందే సిద్ధపడాలి. ఒక గ్రంథాలయంలో ఒక సంవత్సరం చూసినదాన్ని పట్టుకొని తెలంగాణ అంతటా ఇదే స్థితి అని తీర్పు చెప్పకూడదు. చూసినంతవరకే చెప్పాలి, చూసిన తీరు దాచకుండా చెప్పాలి. నోటుపుస్తకం రాయని రోజులుంటే, తాను సెలవులో ఉన్న వారాలుంటే అవి కూడా పేర్కొనాలి. లోపం చెప్పిన వ్యాసాన్ని సమీక్షకుడు నమ్ముతాడు. అన్నీ సరిగ్గా సరిపోయిన అంకెలను చూసి అనుమానిస్తాడు.

దిద్దుబాట్లు కోరుతూ ఉత్తరం వస్తే అది తిరస్కారం కాదు. నెలల తరబడి ఎదురుచూసిన తరువాత వచ్చిన ఆ ఉత్తరంలో ఇరవై ప్రశ్నలుంటే మొదట మనసు నొచ్చుకుంటుంది. ఒక రోజు ఆగి చదివితే అందులో పదిహేను న్యాయమైనవని తెలుస్తుంది. వాటిని దిద్ది, మిగిలిన అయిదింటికి ఎందుకు దిద్దలేదో వినయంగా కారణం రాస్తే సంపాదకుడు వింటాడు. తిరస్కరిస్తే మరొక పత్రిక ఉంది. నోటుపుస్తకంలోని సమాచారానికి గడువు తీరదు.

ఉద్యోగంలో ఉన్నవారు కార్యాలయపు అంకెలను వాడేముందు పై అధికారికి తెలిపి రాతమూలకంగా అనుమతి పొందడం మంచిది. వ్యాసం అచ్చయిన తరువాత దాని ప్రతి ఒకటి జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్లాలి, మరొకటి ఆ ఊరి గ్రంథాలయంలోనే దినపత్రికల పక్కన బల్లమీద ఉండాలి. ఏ ఉర్దూ పుస్తకం దొరకక వెనుదిరిగాడో ఆ వృద్ధుడు మళ్లీ వచ్చినప్పుడు, ఆయన అడిగిన సంగతి ఎక్కడ చేరిందో గ్రంథపాలకుడు ఆ పుట తెరిచి చూపవచ్చు.